ఐలా దక్షిణ తీరపు మూడు సింగిల్ మాల్ట్‌లు: కొన్నేళ్ల వాడకం తర్వాత

స్కాట్లాండ్‌కు పడమట ఉన్న ఐలా దీవిలో, పోర్ట్ ఎలెన్ ఊరు దాటి తూర్పుకు సాగే ఒకే రోడ్డు మీద, సింగిల్ మాల్ట్‌లు (ఒకే డిస్టిలరీలో మాల్ట్‌తో, అంటే మొలకెత్తిన బార్లీతో చేసే విస్కీలు) తయారుచేసే లఫ్రోయిగ్, లగవూలిన్, ఆర్డ్‌బెగ్ డిస్టిలరీలు వరుసగా వస్తాయి. మొదటిదీ చివరిదీ 1815లో, నడిమిది 1816లో మొదలయ్యాయి. పొగ వాసన గల విస్కీలన్నీ ఒక్కలాంటివేనని భావించేవారు ఈ ఇరుగుపొరుగు మూడింటిని పక్కపక్కన పెట్టుకొని రుచి చూడాలని నా గట్టి అభిప్రాయం. లఫ్రోయిగ్ 10, లగవూలిన్ 16, ఆర్డ్‌బెగ్ 10 సీసాలను (అంకె పీపాలో నిలవ ఉంచిన కనీస ఏళ్లు) నేను కొన్నేళ్లుగా అలాగే పోల్చి చూస్తున్నాను.

మొలకెత్తిన బార్లీని ఆరబెట్టేటప్పుడు పీట్ (చిత్తడి నేలల్లో తవ్వితీసి ఎండబెట్టిన మట్టిలాంటి ఇంధనం) పొగ పట్టించడం వల్ల అందులో పొగ వాసననిచ్చే ఫినాల్స్ అనే పదార్థాలు చేరుతాయి. ఆర్డ్‌బెగ్ మాల్ట్‌లో ఇవి సుమారు 55 పీపీఎం (పది లక్షల పాళ్లలో 55), లగవూలిన్‌లో సుమారు 35. ఈ అంకెలు చూసి సీసా ఎంచుకోవడం సరికాదు, ఎందుకంటే అవి మాల్ట్‌లో కొలిచినవే గాని గ్లాసులోని విస్కీలో కొలిచినవి కావు. బట్టీ నుంచి కారే స్పిరిట్ ధారలో ఫినాల్స్ ఎక్కువగా చివరి భాగంలో దిగుతాయి గనుక, ఆ ధారను పట్టడం ఎక్కడ ఆపారన్న దానిపై పొగ పాళ్లు చాలావరకు ఆధారపడతాయి. పైగా ఆర్డ్‌బెగ్ బట్టీకి అమర్చిన ప్యూరిఫైయర్ బరువైన ఆవిరిని ద్రవంగా మార్చి తిరిగి లోపలికి పంపుతుంది. అంకె ప్రకారం ఘాటుగా ఉండవలసిన ఆర్డ్‌బెగ్ నా నాలుకకు మూడింటిలోనూ తేలికగా, నిమ్మతొక్క వాసనతో తగలడానికి కారణం ఇదేనని నా నమ్మకం.

ఆర్డ్‌బెగ్‌ను 46 శాతం ఆల్కహాల్ గాఢతతో, చిల్ ఫిల్టర్ (చల్లబరిచి, మసక తెచ్చే పదార్థాలను వడకట్టడం) చేయకుండా నింపుతారు. చెంచాతో కొద్దిగా నీళ్లు కలిపితే విస్కీలో సన్నని మసక తీగలు మెలితిరుగుతూ దిగుతాయి, నిమ్మ వాసన పైకి లేస్తుంది, పొగ వెనక్కి తగ్గి బూడిద రుచిగా మిగులుతుంది. ఈ మార్పు కోసమే నేను ఆర్డ్‌బెగ్‌ను మళ్లీ మళ్లీ కొంటాను. 43 శాతం గల లగవూలిన్‌కు నీళ్లు అంతగా నప్పవు. ఎండుద్రాక్ష తీపి, చిక్కని టీ డికాషన్ వగరు, మింగిన తర్వాత చాలాసేపు నిలిచే పొగ దాని సొంతం, నీళ్లు కలిపితే ఆ నిండుతనం పలచబడుతుంది. లఫ్రోయిగ్‌లో మాత్రం గాయాలకు పూసే టింక్చర్ అయోడిన్ వాసన, సముద్రపు నాచు ముందుగా వస్తాయి, బోర్బన్ (అమెరికన్ విస్కీ) పీపాల వనిల్లా తీపి ఆ తర్వాతే తెలుస్తుంది.

రంగును బట్టి నాణ్యతను అంచనా వేయకూడదు, ఎందుకంటే స్కాచ్‌లో కారమెల్ రంగు కలపడానికి చట్టం అనుమతిస్తుంది.

సీసా మూత తీశాక వచ్చే తేడాను ఒక్క గుక్కతో చెప్పలేము. సగం ఖాళీ అయ్యాక నెలలు గడిచేకొద్దీ లఫ్రోయిగ్‌లోని టింక్చర్ వాసన బాగా తగ్గి, మిగిలిన తీపి కాస్త చప్పగా తోస్తుంది. లగవూలిన్ మాత్రం దాదాపు చివరివరకూ నిలకడగా ఉంటుంది. సీసాను నిలువుగానే ఉంచాలి, పడుకోబెడితే ఘాటైన స్పిరిట్ కార్కును తినేస్తుంది.

మన వైపు అలవాటైన సోడా, ఐసు ఈ మూడింటికీ అన్యాయమే చేస్తాయి, చల్లదనం వాసనలను అణచివేస్తుంది. మూడింటినీ ఒకే సాయంత్రం పోల్చదలిస్తే లగవూలిన్‌తో మొదలుపెట్టి, ఆర్డ్‌బెగ్ తర్వాత లఫ్రోయిగ్‌ను చివర ఉంచండి. దాని అయోడిన్ రుచి నాలుకకు పట్టుకున్నాక మిగతా రెండింటి సున్నితమైన రుచులు తెలియవు. ఒక్క సీసాకే డబ్బు ఉన్నవారికి నేను చెప్పేది ఆర్డ్‌బెగ్ 10.