విజయవాడలో విలేకరుల న్యాయ శిక్షణ తరగతి: హద్దులకు రోజున్నర, హక్కులకు ఒక్క పూట

విజయవాడ గవర్నర్‌పేటలో, కోర్టుల సముదాయం నుంచి నడిచి వెళ్లగలిగేంత దూరంలో, కొందరు న్యాయవాదులు కలిసి పాత్రికేయుల కోసం న్యాయ శిక్షణ తరగతి నిర్వహిస్తున్నారు. శని, ఆదివారాల్లో పూర్తిగా తెలుగులో సాగే ఈ తరగతికి రుసుము 1,500 రూపాయలు. మధ్యాహ్న భోజనం, ఒక చిన్న పుస్తకం, చివర్లో ఇచ్చే సర్టిఫికెట్ అందులోనే కలిసి ఉంటాయి. జిల్లా డెస్కులో వార్తలు దిద్దే పని నాది కనుక, మండలాల నుంచి వచ్చే కథనాల్లో ఏది వేయవచ్చు, ఏది ఆపాలి అన్న ప్రశ్న ప్రతి రాత్రీ ఎదురవుతూనే ఉంటుంది. ఆ ప్రశ్నకు ఈ తరగతి ఎంతవరకు పనికొస్తుందన్న దృష్టితోనే ఈ సమీక్ష రాస్తున్నాను. వార్త అచ్చుకు వెళ్లకముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలను వీరు ఎంతో శ్రద్ధగా నేర్పుతున్నారు. అచ్చయిన తరువాత పోలీసు స్టేషన్ నుంచి ఫోను వస్తే ఏం చేయాలన్న సంగతిని మాత్రం హడావిడిగా దాటేస్తున్నారు.

మొదటి పాఠం రాజ్యాంగంతో మొదలైంది. పత్రికా స్వేచ్ఛ అన్న మాట రాజ్యాంగంలో విడిగా ఎక్కడా లేదని, పౌరులందరికీ 19(1)(ఎ) అధికరణ ఇచ్చే భావ ప్రకటన హక్కులోనే అది ఇమిడి ఉందని, 1950లో రమేశ్ థాపర్ కేసు నుంచి సుప్రీంకోర్టు ఇదే చెబుతూ వస్తోందని అధ్యాపకులు వివరించారు. దీని నుంచి వారు రాబట్టిన విషయం వచ్చినవారిలో కొందరికి రుచించలేదు. విలేకరికి సామాన్య పౌరుడికి లేని ప్రత్యేక హక్కు ఏదీ లేదని, ప్రభుత్వం ఇచ్చే అక్రిడిటేషన్ కార్డు బస్సు రాయితీకి, సచివాలయ ప్రవేశానికి పనికొచ్చే సదుపాయమే తప్ప ఒకరి ఇంట్లోకో ఆసుపత్రి వార్డులోకో కెమెరాతో చొరబడే అధికారపత్రం కాదని వారు కుండబద్దలు కొట్టినట్టు చెప్పారు. 19(2)లోని ఆంక్షలను, అంటే దేశ సమగ్రత, రాజ్య భద్రత, విదేశాలతో మైత్రి, ప్రజా శాంతి, నైతికత, కోర్టు ధిక్కరణ, పరువు నష్టం, నేరానికి ప్రేరేపించడం అన్నవాటిని చదివి వదిలేయకుండా, వీటికి బయట ఉన్న ఏ కారణంతోనూ ప్రభుత్వం నోరు నొక్కలేదన్న రెండో వైపును కూడా చూపడం బాగుంది. 1908లో ఇదే బెజవాడ నుంచి వెలువడిన స్వరాజ్య పత్రికకు సంపాదకుడిగా ఉండి రాజద్రోహ నేరంపై జైలుకు వెళ్లిన గాడిచర్ల హరిసర్వోత్తమరావును ఒక్కసారైనా తలవకపోవడం మాత్రం, పాఠం జరుగుతున్న ఊరిని బట్టి చూస్తే, నాకు వెలితిగానే తోచింది.

శనివారం మధ్యాహ్నం పరువు నష్టం మీద జరిగిన సుదీర్ఘ పాఠం ఈ తరగతి మొత్తానికి గుండెకాయ. ఒక కల్పిత వార్తను, అంటే ఒక మండల కార్యాలయంలో పాసు పుస్తకాల కోసం లంచాలు అడుగుతున్నారన్న కథనాన్ని, అందరి చేతికీ ఇచ్చి, దానిలో ఏ వాక్యం కోర్టులో నిలబడుతుందో, ఏది నిలబడదో గుర్తించమన్నారు. పాత ఐపీసీ 499, 500 సెక్షన్ల స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ అమల్లోకి వచ్చింది. రెండేళ్ల వరకు సాధారణ జైలు, జరిమానా, లేదా రెండూ విధించే వీలుతో పాటు సమాజ సేవను కూడా శిక్షగా అది చేర్చింది. నేర పరువు నష్టం చెల్లుతుందని 2016లో సుబ్రమణ్యస్వామి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది గనుక దాన్ని తప్పించుకునే దారి మినహాయింపుల్లోనే వెతుక్కోవాలి. సివిల్ దావాలోనైతే, రాసింది నిజమని రుజువు చేస్తే చాలునని, క్రిమినల్ కేసులో మాత్రం నిజం కావడంతో పాటు దాన్ని ప్రచురించడం ప్రజా ప్రయోజనానికి అవసరమని కూడా చూపించాలని అధ్యాపకులు చెప్పినప్పుడు, చాలా ఏళ్లుగా పని చేస్తున్నవారు కూడా పుస్తకాల్లో రాసుకోవడం కనిపించింది.

‘ఆరోపించారు’, ‘విమర్శలు వినిపిస్తున్నాయి’ అన్న క్రియాపదాలు తగిలిస్తే బాధ్యత తప్పుతుందన్న నమ్మకం మన డెస్కుల్లో గట్టిగా పాతుకుపోయింది. ఎదుటివాడి నిందను మళ్లీ అచ్చు వేసినవాడు కూడా ప్రచురించినట్టేనని ఈ పాఠం ఆ నమ్మకాన్ని పెకిలించింది. ఇంకో మాట నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. కోర్టు విచారణను ఉన్నదున్నట్టు నివేదిస్తే రక్షణ ఇచ్చే నాలుగో మినహాయింపు, పోలీసులు ప్రెస్‌మీట్లో చెప్పినదానికి వర్తించదు. సీఐ గారు చెప్పారు కదా అని నిందితుడి మీద నేరం రుజువైపోయినట్టు శీర్షిక పెడితే, ఆ శీర్షికకు జవాబు చెప్పుకోవాల్సింది పత్రికే. కథనం లోపల విలేకరి జాగ్రత్తగానే రాసినా, పైన డెస్కు పెట్టిన నాలుగు మాటల శీర్షికే కేసుకు మూలమవుతుందన్న వారి హెచ్చరిక సూటిగా నా వృత్తికే తగిలింది. ఆరోపణకు గురైన వ్యక్తి వివరణ కోసం ఎప్పుడు ఫోను చేశామో, ఏం అడిగామో, ఆయన ఎత్తకపోతే ఏ సమయానికి సందేశం పంపామో రాసి పెట్టుకోవాలని, ఆ నోటుబుక్కులను ఏడాది తిరగగానే పాత కాగితాల వాడికి వేయవద్దని వారు చెప్పిన దానికి చట్టంలోనే కారణం ఉంది. సివిల్ దావాకు గడువు ప్రచురించిన నాటి నుంచి ఏడాది, క్రిమినల్ ఫిర్యాదుకు మూడేళ్లు.

అధికారుల గురించి రాసేటప్పుడు కొంత వెసులుబాటు ఉంటుందన్న విషయాన్ని కూడా ఇక్కడే చెప్పారు. 1994 నాటి ఆర్.రాజగోపాల్ కేసు ప్రకారం ప్రభుత్వ ఉద్యోగి విధి నిర్వహణ గురించి రాసినదానికి, అది అబద్ధమని తెలిసో నిజానిజాల పట్ల పూర్తి నిర్లక్ష్యంతోనో రాస్తే తప్ప, నష్టపరిహారం అడిగే వీలు లేదు. అదే సమయంలో మంత్రి లేదా ప్రభుత్వోద్యోగి తరఫున పబ్లిక్ ప్రాసిక్యూటరే నేరుగా సెషన్స్ కోర్టులో ఫిర్యాదు చేసే మార్గం చట్టంలో ఉందని, శాఖల కార్యదర్శులకు కేసులు వేసే అధికారం ఇస్తూ 2019 అక్టోబరు 30న వచ్చిన రాష్ట్ర ప్రభుత్వ జీవో 2430ను ఉదాహరణగా చూపారు. సాధారణ పరువు నష్టం పోలీసులు నేరుగా ఎఫ్‌ఐఆర్ కట్టగల నేరం కాదన్నది, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 223వ సెక్షన్ ప్రకారం మేజిస్ట్రేటు కేసును స్వీకరించే ముందే ఎదుటి పక్షానికి తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలన్నది ఇంకా వివరంగా చెప్పదగిన సంగతులు. రెండూ ఒక్క నిమిషంలో తేలిపోయాయి.

బాధితుల గుర్తింపును దాచడంపై సాగిన పాఠానికి నేను పూర్తి మార్కులు వేస్తాను. అత్యాచార బాధితురాలి పేరు బయటపెట్టడం న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలుకు దారితీసే నేరమని, ఆమె మరణించినా ఆ నిషేధం తొలగదని 2018 నాటి నిపుణ్ సక్సేనా తీర్పు చెబుతుందని విలేకరులకు చాలామందికి తెలుసు. తెలియనిది దాని విస్తృతి. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం 23వ సెక్షన్ పేరుతో ఆగకుండా చిరునామా, ఫొటో, కుటుంబ వివరాలు, పాఠశాల, నివసించే ప్రాంతం అన్నింటినీ కలుపుకుంటుంది, పైగా ప్రచురణకర్తను, యజమానిని కూడా బాధ్యులను చేస్తుంది. పేరు మార్చామని చెప్పుకుంటూనే ‘ఫలానా గ్రామంలో కిరాణా దుకాణం నడుపుకొనే వ్యక్తి రెండో కుమార్తె’ అని రాసే మన అలవాటును వారు నమూనా వార్తతో నిలదీశారు. నిందితుడు తండ్రో, మేనమామో అయినప్పుడు అతని పేరు వేసినా పిల్ల ఎవరో ఊరికి తెలిసిపోతుందని, కనుక అటువంటి వార్తలో నిందితుడి పేరు కూడా వదిలేయాలని గుంటూరు నుంచి వచ్చిన ఒక మహిళా విలేకరి అనగా, అధ్యాపకులు దాన్ని తమ పాఠంలో కలుపుకున్నారు. బాల నేరస్తుల విషయంలో 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ఇదే నిషేధాన్ని పెడుతుందన్నది కూడా చెప్పారు. ఈ రెండు గంటల కోసమైనా ప్రతి మండల కంట్రిబ్యూటరూ ఇక్కడికి రావాలని నా అభిప్రాయం.

కోర్టు ధిక్కరణ, శాసనసభ హక్కుల పాఠాలు సరిపడా ఉన్నాయి, అంతకు మించి లేవు. విచారణను నిజాయితీగా, సరిగ్గా నివేదించడం, తీర్పును సహేతుకంగా విమర్శించడం 1971 చట్టం ప్రకారం ధిక్కరణ కావని, నిజమే రాశానన్న వాదనకు 2006 సవరణతో చోటు దొరికిందని చెప్పారు. అమరావతి భూముల ఎఫ్‌ఐఆర్ వివరాలు ప్రచురించవద్దని 2020 సెప్టెంబరులో హైకోర్టు ఇచ్చిన ఉత్తర్వును అదే ఏడాది నవంబరులో సుప్రీంకోర్టు నిలిపివేసిన ఉదంతాన్ని ఎత్తుకోవడం సందర్భోచితంగా ఉంది. సభ రికార్డుల నుంచి తొలగించిన మాటలను వేస్తే వచ్చే చిక్కులకు 1958 నాటి సర్చ్‌లైట్ పత్రిక కేసును చెప్పారు కానీ, 1983లో శాసనమండలిపై ‘పెద్దల గలభా’ అన్న శీర్షికతో ఈనాడులో వచ్చిన వార్త సభా హక్కుల వివాదంగా మారి సుప్రీంకోర్టు దాకా వెళ్లిన మన తెలుగు ఉదాహరణను వదిలేశారు.

అసలు నిరాశ ఆదివారం మధ్యాహ్నం ఎదురైంది. పోలీసు నోటీసులు, సోదాలు, సమాచారమిచ్చినవారి గోప్యత అన్న మూడు పెద్ద విషయాలను భోజనం తరువాత ఒకే పాఠంలో కుక్కారు. నిందితుడిని విచారణకు రమ్మనే నోటీసును, అంటే విలేకరులంతా నేటికీ ‘41ఏ నోటీసు’ అని పిలిచేది, ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహిత 35(3) నోటీసు అని, దానికి హాజరై సహకరిస్తే మామూలుగా అరెస్టు ఉండదని చెప్పారు. సాక్షిగా పిలిచే 179వ సెక్షన్ నోటీసుకూ దీనికీ తేడా ఏమిటి, మహిళా విలేకరిని సాక్షిగా స్టేషనుకు రమ్మనే వీలు లేదన్న నియమం ఎక్కడుంది అన్నవి అడిగితేనే వచ్చాయి. ఫోను ఇమ్మని 94వ సెక్షన్ కింద రాతపూర్వకంగా అడగడం వేరు, చేతిలోంచి లాక్కోవడం వేరు. సోదాను, జప్తు జాబితా తయారీని వీడియో తీసి మేజిస్ట్రేటుకు పంపాలని 105వ సెక్షన్ చెబుతోంది. ఈ రెండు సంగతులను బల్ల మీద ఒక ఫోను పెట్టి చేసి చూపిస్తే పది నిమిషాల్లో మనసుకు పట్టేవి. వార్త ఎవరు ఇచ్చారో చెప్పనక్కర లేదన్న రక్షణ 1978 ప్రెస్ కౌన్సిల్ చట్టంలో ఉన్నది ఆ కౌన్సిల్ ముందు జరిగే విచారణకే పరిమితమని, కోర్టులో అటువంటి చట్టబద్ధ రక్షణ లేదని మాత్రం నిజాయితీగా చెప్పారు. ఆ మాట విన్నాక హాల్లో గుసగుసలు మొదలయ్యాయి.

రెండు ప్రభుత్వాల కాలంలోనూ ఈ నేల మీద జరిగిన ఉదాహరణలు ఉండగా వాటిని ఎందుకు పాఠంగా మలచలేదో నాకు బోధపడలేదు. 2021 మేలో రెండు తెలుగు చానళ్లపై సీఐడీ రాజద్రోహం కేసు పెడితే అదే నెల 31న సుప్రీంకోర్టు కఠిన చర్యలు వద్దంది. 2025 జూన్‌లో అతిథి అన్న మాటలకు టీవీ చర్చ నిర్వహించిన కొమ్మినేని శ్రీనివాసరావును తుళ్లూరు పోలీసులు అరెస్టు చేస్తే 13న అదే కోర్టు విడుదలకు ఆదేశించింది. మూడు నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే మాటల నేరాల్లో ఎఫ్‌ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ జరపడం మేలని 2025 మార్చిలో ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. రిమాండు ఇచ్చే ముందు ఆ తీర్పునూ, అనవసర అరెస్టులు వద్దన్న 2014 నాటి అర్నేశ్ కుమార్ తీర్పునూ పాటించాలని మన హైకోర్టు అదే ఏడాది జులైలో మేజిస్ట్రేట్లకు సర్క్యులర్ పంపింది. విలేకరి జేబులో ఉండాల్సిన కాగితాలు ఇవే. రాజకీయం అంటుకుంటుందన్న జంకుతో ఇలాంటివి దాటవేస్తే, ఇంటికి వెళ్లే విలేకరికి భయం మిగులుతుంది గానీ ధైర్యం మిగలదు.

పుస్తకం గురించి కొంత చెప్పాలి. ముద్రణ శుభ్రంగా ఉంది, భాష సరళంగా ఉంది, కానీ కొన్ని పేజీల్లో ఐపీసీ సెక్షన్లే మిగిలిపోయాయి. ఆన్‌లైన్ రాతలకు శిక్ష వేసే, 2015లోనే సుప్రీంకోర్టు కొట్టివేసిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్ ఒకచోట ఇంకా బతికే ఉంది. సమాచార హక్కు చట్టంపై ఉన్న అధ్యాయం ఉపయోగకరం. దరఖాస్తుకు గ్రామ స్థాయిలో రుసుము లేదని, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు అని, జవాబుకు 30 రోజులు గడువని స్పష్టంగా ఉంది. అయితే వ్యక్తిగత సమాచారానికి సంబంధించిన 8(1)(జె) క్లాజును 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం మార్చివేసిన సంగతి అందులో లేదు. అధికారుల ఆస్తులు, బదిలీలు, క్రమశిక్షణ చర్యల గురించి అడిగేవారికి ఇకపై 8(2)లోని ప్రజా ప్రయోజన వాదనే ఆధారం కనుక, ఇది చిన్న లోపం కాదు. యూట్యూబ్ చానళ్లు నడిపే యువకులు గణనీయంగా వచ్చినా, వారికి వర్తించే 2021 ఐటీ నియమాలకు రెండు పేజీలతో సరిపెట్టారు. థంబ్‌నెయిల్ మీద పెట్టే మాట కూడా ప్రచురణే అన్న ఒక్క వాక్యమైనా అక్కడ ఉండాల్సింది.

హాలు చల్లగా ఉంది, మైకు బాగా పనిచేసింది, భోజనం మామూలుగా ఉంది. సర్టిఫికెట్‌కు అక్రిడిటేషన్ విషయంలో ఏ విలువా లేదని నిర్వాహకులే ముందుగా చెప్పడం మెచ్చుకోదగింది. జీతం లేకుండా వార్తలు పంపే కంట్రిబ్యూటర్‌కు 1,500 రూపాయలు తక్కువేమీ కాదు. వార్తపై లీగల్ నోటీసు వచ్చినప్పుడు ఆ కంట్రిబ్యూటర్ ఎవరో తమకు తెలియదనే యాజమాన్యాలు కనీసం ఈ రుసుమైనా కట్టి తమవారిని పంపడం న్యాయం. డెస్కులో పనిచేసేవారికి, క్రైం వార్తలు చూసేవారికి ఈ తరగతిని నిస్సందేహంగా సిఫారసు చేస్తాను. పోలీసుల నుంచి ఇప్పటికే నోటీసు అందుకున్నవారు మాత్రం దీని మీద ఆధారపడకుండా నేరుగా న్యాయవాదిని కలవడం మంచిది. దూరం నుంచి వచ్చి ఆదివారం మధ్యాహ్నం బస్సుకు తొందరపడేవారు ఆ పూటను వదులుకున్నా ఇప్పటికైతే పెద్దగా నష్టపోరు. శనివారం మధ్యాహ్నం పాఠానికి మాత్రం ఆలస్యంగా వెళ్లకూడదు.