థ లోపలి చుక్క కనబడాలి: ఏళ్ల తరబడి రాసిన నాలుగు లిమిటెడ్ ఎడిషన్ పాళీలు

నేను కడపలో హైస్కూలు తెలుగు పంతుల్ని. రోజుకు నాలుగు పేజీలైనా చేత్తో రాయకపోతే తోచదు. సెలవు దొరికితే బ్రౌన్ గ్రంథాలయంలో కూర్చుని పాత పద్యాలు ఎత్తి రాసుకుంటాను. 2017లో మొదలైన పిచ్చి, ఇప్పటికి నాలుగు ప్రత్యేక సిరా పెన్నులయ్యాయి. బీరువాలో దాచడానికి కొనలేదు, నాలుగింటితోనూ రాస్తాను. అందుకే రంగుల సంగతి తక్కువ, పాళీ సంగతి ఎక్కువ చెబుతాను.

లిమిటెడ్ ఎడిషన్, అంటే కొన్నే చేసి ఆపేసే పెన్ను, అన్నంత మాత్రాన పాళీ కొత్తది అనుకోకండి. చాలావాటిలో మారేది ఒంటి రంగు, మూత, పెట్టె. పాళీ మామూలు మోడల్‌దే, మహా అయితే పైన బొమ్మ మారుతుంది. 2009లో మాంట్‌బ్లాంక్ అనే పెన్నుల కంపెనీ తెచ్చిన గాంధీ పెన్ను పాళీ మీద చేతికర్రతో నడిచే బాపూజీని చెక్కారు. దండి యాత్ర 241 మైళ్లని అందులో ఒక రకాన్ని 241 పెన్నులే చేశారు. వాళ్ల మామూలు పాళీ మీద ఉండే 4810 కూడా మీటర్లలో వాళ్ల పేరుకు మూలమైన మాంట్ బ్లాంక్ కొండ ఎత్తు. ప్లాటినం అనే జపాన్ కంపెనీ పాళీ మీది 3776 ఫుజి కొండ ఎత్తు. ఇవన్నీ కంటికి ముచ్చట. రాత మాత్రం పాళీ కొసన ఉండే గట్టి లోహపు చిన్న గుండుదే. బంగారు పాళీకైనా స్టీలు పాళీకైనా సాధారణంగా కాగితాన్ని తాకేది అదే.

నాకు అందరికంటే దగ్గరైంది ప్లాటినం 3776 కవాగుచి. ఫుజి కొండ దగ్గరి అయిదు చెరువుల పేర్లతో తెచ్చిన వరసలో 2017 నాటి పెన్ను ఇది. 14 క్యారెట్ల బంగారు పాళీ, సైజు ఎఫ్ (ఫైన్, అంటే సన్నం). జపాన్ ఎఫ్ అంటే జర్మనీ ఈఎఫ్‌కు (ఎక్స్‌ట్రా ఫైన్) దగ్గర, అంత సన్నం. తెలుగుకు ఆ సన్నదనమే కావాలి. మన అక్షరాల్లో ఉన్నదంతా లోపలి ఖాళీలోనే: థ లోపలి చుక్క, ఘ కడుపు, క్ష్మ కింద ఒత్తు. లావు పాళీతో రాస్తే థ, ధ ఒకటైపోతాయి, పిల్లలు 'కథ'ను 'కధ' అని చదువుతారు. ఈ పాళీతో ఇరుకు గీతల నోటుబుక్కులో కూడా ఒత్తు కింది వరసకు తగలదు. చవక కాగితం మీద సిరా పెద్దగా పాకదు. ఇంకో మేలు దీని మూతది. లోపల స్ప్రింగుతో గట్టిగా మూసుకుంటుంది. మే నెల ఎండల్లో మా ఊళ్లో సీసాలో సిరా కూడా చిక్కబడుతుంది. నెల్లాళ్ల సెలవుల తర్వాత తీసినా ఇది మొదటి గీతకే రాసింది.

పెలికాన్ ఎం205 ఆలివీన్ ఒంటి అందం వేరు, వెలుతురులో పెడితే పచ్చరాయే. దానికి ఎం (మీడియం) పాళీ ఎంచుకోవడం నా పొరపాటు. జర్మన్ ఎం లావు, సిరా ధారాళం. సంతకానికి బాగుంటుంది, పద్యానికి కాదు. అయితే ఈ పెన్నులో పాళీ, దానికి సిరా అందించే ఫీడ్ కలిపి మరలాగా తిప్పి తీసేయొచ్చు. ఈఎఫ్ విడిగా తెప్పించి బిగించుకున్నాను. పెన్ను కొనేముందు పాళీ ఊడి వస్తుందా అని అడగండి, ఆ ఒక్క ప్రశ్న చాలా డబ్బు కాపాడుతుంది.

2016 నాటి లామీ సఫారీ డార్క్ లైలాక్‌కు 1.1 మిల్లీమీటర్ల వెడల్పు కొస ఉన్న కాలిగ్రఫీ పాళీ వేశాను. శుభలేఖల మీద పేర్లకు ఇదే. నిలువు పక్కలు లావుగా, పైనా కిందా సన్నగా వచ్చి అక్షరం చెక్కినట్టుంటుంది. సుడి తిప్పి పైకి వెళ్లేటప్పుడు మాత్రం పాళీ మూల కాగితానికి గీసుకుంటుంది. నొక్కకుండా, అక్షరాన్ని వేలి గోరంత పెద్దది చేసి రాస్తే సాఫీగా సాగుతుంది.

నాలుగోది నంబరు వేసిన బంగారు పాళీ పెన్ను. పేరు అనవసరం. నెల జీతంలో సగానికి పైగా పోసి కొన్నాను. ప్రతి పేజీలో తలకట్టు మొదటి గీత పడేది కాదు. ఫీడ్ కడిగాను, సిరా మార్చాను, తగ్గలేదు. చివరికి భూతద్దంతో చూస్తే తెలిసింది: కొసను నున్నగా సానపట్టి, చీలిక అంచులు గుండ్రం చేసేశారు. సిరా చీలికలో నిలిచి కాగితాన్ని అందుకోదు. నొక్కి రాస్తే రాస్తుంది, కానీ నొక్కితే పాళీ కాళ్లు విడిపోతాయి. హైదరాబాద్‌లో పాళీలు సరిచేసే ఒకాయన సన్నటి రాపిడి కాగితంతో పది నిమిషాల్లో బాగుచేశాడు. బాధ ఇంకా ఉంది, అంత ఖరీదు పెట్టిన పెన్ను మొదటి గీతకే రాయాలి కదా! ఇప్పుడైతే కొట్లో సిరాలో ముంచి, నొక్కకుండా 'కథ', 'లక్ష్మి', 'ఘటం' రాసి చూడందే డబ్బు ఇవ్వను.