నాటకం చదువుకు తక్కువ ఖర్చులో మంచి చోటు: హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం, మరికొన్ని

రంగస్థల కళలను పద్ధతిగా చదువుకోవాలనుకునే నెల్లూరు, ప్రకాశం జిల్లాల విద్యార్థులకు, అందులోనూ రాబడి అంతంతమాత్రంగా ఉన్న ఇళ్ల నుంచి వచ్చేవారికి, నేను మొదట చెప్పే పేరు హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం. గచ్చిబౌలి ప్రాంగణంలో సరోజినీ నాయుడు పేరిట ఉన్న కళల విభాగంలో రంగస్థల కళల శాఖ రెండేళ్ల పీజీ కోర్సు నడుపుతోంది. డిగ్రీ పూర్తిచేసి, పీజీ సీట్ల కోసం దేశవ్యాప్తంగా జరిగే ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీ పీజీ రాయాలి. కేంద్ర ప్రభుత్వ సంస్థ కావడం వల్ల బోధన రుసుము సామాన్యులు భరించగలిగేంతలోనే ఉంటుంది. గూడూరులో బయలుదేరే సింహపురి ఎక్స్‌ప్రెస్‌ను నెల్లూరులోనో ఒంగోలులోనో రాత్రి ఎక్కితే తెల్లవారేసరికి సికింద్రాబాదు చేరుకోవచ్చు కనుక రాకపోకలూ భారం కావు.

రుసుముల పట్టిక ఒక్కటే చూసి కళాశాలను ఎంచుకోవడం చాలామంది తల్లిదండ్రులు చేసే పని. నాటక విద్యార్థికి రిహార్సలు పొద్దుపోయేదాకా సాగుతుంది. ప్రాంగణంలోనే హాస్టలు లేకపోతే గది అద్దె, మెస్సు, రాత్రివేళ ఆటోలకు అయ్యే డబ్బు కలిసి రుసుమును మించిపోతాయి. అందుకే హాస్టల్లో చోటు దొరికే అవకాశం ఎంత ఉందో ముందే కనుక్కోవడం, సీటు సంపాదించడమంత ముఖ్యం.

మా అక్క కొడుకును వెంటబెట్టుకుని హైదరాబాదులోనే ఒక ప్రైవేటు నటనా శిక్షణ సంస్థను కూడా చూసి వచ్చాను. గోడకు నిలువెత్తు అద్దం, స్టాండు మీద ఒక కెమెరా, వరుసగా ప్లాస్టిక్ కుర్చీలు ఉన్నాయి తప్ప, వేదిక అనదగినది గానీ, ఒక్క స్పాట్‌లైటు గానీ ఆ గదిలో లేవు. కొద్ది నెలల కోర్సుకు లక్షకు పైగా అడిగి, చివర్లో షోరీల్ (నటన చూపించే చిన్న వీడియో) తీసి ఇస్తామన్నారు. కెమెరా ముందు నాలుగు డైలాగులు చెప్పడం నేర్చుకోవాలనుకునేవారికి అది చాలునేమో గానీ, వాచికం (సంభాషణ పలికే తీరు), ఆహార్యం (వేషధారణ), రంగాలంకరణ, లైటింగు, దర్శకత్వం అన్నీ కలిస్తేనే నాటకం అని నమ్మేవారు అంత సొమ్ము అక్కడ పోయడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు.

నెల్లూరు పురమందిరంలో నాటకాలు చూసేవారికి ఇంకొక సంగతి కూడా తెలుసు. మంచి నటులున్న నాటక సమాజాలకు సైతం లైటింగు తెలిసినవారు, సెట్టు వేయగలవారు సులభంగా దొరకరు. నాటకం చదివినవారికి అన్నం పెట్టేది తరచుగా ఈ తెర వెనుక పనే. కాబట్టి ఏ కళాశాలకు వెళ్లినా, ఏడాదిలో విద్యార్థులు ఎన్ని నాటకాలు ప్రదర్శిస్తారు, వాటి సాంకేతిక పనులు వారి చేతుల మీదుగానే జరుగుతాయా అని అడగాలి. వీలైతే ఒక విద్యార్థి ప్రదర్శన చూసిన తర్వాతే నిర్ణయించుకోవాలి.

రెండవ స్థానం విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఇస్తాను. కూర్మా వేణుగోపాలస్వామి రిజిస్ట్రారుగా ఉన్న రోజుల నుంచే అక్కడ నాటకానికి ఆదరణ ఉంది. తెలుగు నాటకంతోనే జీవితం ముడివేసుకోవాలనుకునేవారికి అది తగిన చోటు.

ఇంటర్ కాగానే చేరాలని తొందరపడేవారు త్రిశూర్‌లో 1977లో మొదలైన స్కూల్ ఆఫ్ డ్రామా గురించీ, కర్ణాటకలోని హెగ్గోడులో నీనాసం అనే నాటక సంస్థ 1980లో ప్రారంభించిన రంగశిక్షణ కేంద్రం గురించీ అడుగుతుంటారు. రెండూ పేరున్నవే, కానీ మలయాళం, కన్నడం రాకుండా అక్కడ సంభాషణ పలకడం కష్టం. దానికన్నా కావలిలోనో, నెల్లూరులోనో, ఒంగోలులోనో డిగ్రీ చదువుతూ స్థానిక నాటక సమాజంలో పనిచేయడమే మేలని నా అభిప్రాయం.

ఆ మూడేళ్లు వృథా కావు. ఢిల్లీలో 1959లో ఏర్పడిన నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో మూడేళ్ల కోర్సుకు ఎంపికైనవారికి నెలనెలా ఉపకార వేతనం ఇస్తారు కనుక, సీటు వస్తే ఖర్చు పరంగా దానికి సాటి లేదు. అయితే డిగ్రీతోపాటు హిందీ, ఇంగ్లీషు పరిచయం, నాటకాల్లో పనిచేసిన అనుభవం ఉండాలి. అందువల్ల నాటక పరిషత్తుల పోటీల్లో పాల్గొన్న ప్రతి నాటకం కరపత్రాన్నీ, ప్రశంసాపత్రాన్నీ, ఫొటోలనూ డిగ్రీ మొదటి ఏడాది నుంచే ఒక ఫైలులో తేదీలవారీగా భద్రపరచుకోవాలి.