భర్తకూ పరీక్ష రాసిన ఫెర్టిలిటీ సెంటర్: మా అనుభవం, ఖర్చులతో సహా

ముందే చెబుతున్నాను, మాకు ఇంకా బిడ్డ పుట్టలేదు. మొదటి ఎంబ్రియో ట్రాన్స్‌ఫర్ (ల్యాబ్‌లో తయారైన పిండాన్ని గర్భసంచిలో పెట్టడం) నిలవలేదు. అయినా ఈ సెంటర్‌కి ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నాను. పాజిటివ్ వచ్చినవాళ్లు డాక్టర్‌ని దేవుడంటారు, రానివాళ్లు డబ్బు గుంజారంటారు. కొత్తగా వెళ్లేవాళ్లకు లోపల ఏం జరుగుతుందో మాత్రం ఎవరూ రాయడం లేదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మాది మదనపల్లె. మా ఆయన బెంగళూరు పీణ్యలో ఒక హీట్ ట్రీట్‌మెంట్ యూనిట్‌లో (లోహాన్ని కొలిమిలో కాల్చి గట్టిపరిచే చోటు) సూపర్‌వైజర్. నేను యశవంతపురలో ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. నాకు 31, ఆయనకు 36. పెళ్లై ఐదేళ్లయింది. ఊరికి వెళ్తే చాలు, "ఏమన్నా విశేషమా?" అని అడగనివాళ్లు ఉండరు. ఆ ప్రశ్న నన్నే అడుగుతారు గానీ ఆయన్ని ఎవరూ అడగరు.

ఇంతకుముందు బెంగళూరులోనే ఇంకో చోట చూపించుకున్నాం. అక్కడా అంతే. నాకు పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం సరిగా విడుదల కాకపోవడం) అన్నారు, మాత్రలు రాశారు, నెలనెలా స్కాన్లు తీశారు, ట్యూబ్ టెస్ట్ కూడా చేశారు. గర్భసంచిలోకి డై ఎక్కించి ఎక్స్‌రే తీసే పరీక్ష అది. కొందరికి పెద్దగా తెలియదట, నాకైతే పొత్తికడుపు మెలిపెట్టేసింది. అన్నాళ్లూ మా ఆయన బయట కుర్చీలో కూర్చుని బిల్లులు కట్టారు తప్ప, ఆయనకు ఒక్క పరీక్ష కూడా రాయలేదు. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు కూడా కారణం ఉంటుంది. వీర్య పరీక్షకు సూది లేదు, నొప్పి లేదు, ఖర్చూ తక్కువే. అంత తేలికైన పరీక్షను పక్కనపెట్టి ఆడమనిషిని టేబుల్ ఎక్కించడం ఏం వైద్యం? నాకు ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు.

ఈ సెంటర్‌లో అపాయింట్‌మెంట్ కోసం ఫోన్ చేసినప్పుడే తేడా తెలిసింది. "ఇద్దరూ రావాలి. సార్‌కి అదే రోజు పరీక్ష ఉంటుంది, కనీసం రెండు రోజులు, ఏడు రోజులకు మించకుండా కలయికకు దూరంగా ఉండి రమ్మనండి" అని రిసెప్షన్‌లోనే చెప్పారు. నాకేమో పీరియడ్ రెండో రోజు గానీ మూడో రోజు గానీ వస్తే స్కాన్, హార్మోన్ పరీక్షలు ఒకేసారి అయిపోతాయన్నారు. ఏఎంహెచ్ (అండాల నిల్వ ఎంతుందో చెప్పే రక్తపరీక్ష), థైరాయిడ్, ప్రొలాక్టిన్ అనే హార్మోన్, షుగర్ పరీక్షలు చేశారు. పాత చోట తీసిన ట్యూబ్ టెస్ట్ ఫిల్మ్ చూసి, రెండు ట్యూబులూ తెరుచుకునే ఉన్నాయి, మళ్లీ అక్కర్లేదన్నారు. ఆ ఒక్క మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది.

శాంపిల్ ఇచ్చే గది గురించి మగవాళ్లు చాలామంది టెన్షన్ పడతారు కాబట్టి మా ఆయన్ని అడిగి రాస్తున్నాను. గది ల్యాబ్‌ని ఆనుకునే ఉంది. లోపలి నుంచి గడియ ఉంది, వాష్‌బేసిన్ ఉంది, ఎవరూ తలుపు తట్టరు. డబ్బా మీద ఇద్దరి పేర్లు ముందే రాసి ఉంటాయి. పని అయ్యాక గోడలోని చిన్న కిటికీలో పెట్టి బెల్ కొడితే అటువైపు నుంచి తీసుకుంటారు. డబ్బా పట్టుకుని వరండాలో జనం మధ్య నడిచే పని లేదు. ఇంట్లో తీసి తెస్తామన్నా ఒప్పుకుంటారు, కానీ గంటలోపు ల్యాబ్‌కి చేరాలి.

రిపోర్ట్ వచ్చాక డాక్టర్ దాన్ని మా వైపు తిప్పి, పెన్నుతో ఒక్కో అంకె చుట్టూ గీసి చెప్పారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 లెక్క ప్రకారం మిల్లీలీటరుకు 1.6 కోట్ల వీర్యకణాలు, అందులో 42 శాతం కదలిక అన్నవి కింది హద్దులు. మా ఆయనవి 60 లక్షలే ఉన్నాయి, కదలికా తక్కువే. "ఒక్క రిపోర్ట్‌తో ఏమీ తేల్చను" అని కొన్ని వారాల తర్వాత ఇంకోసారి చేయించి, అప్పుడు ఆండ్రాలజిస్ట్ (మగవారి సంతాన సమస్యలు చూసే డాక్టర్) దగ్గరికి పంపారు. ఆ డాక్టర్ పొగాకు, మందు, జ్వరాలు, చేసే పని అన్నీ అడిగారు. జిమ్‌లో టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు ఏమైనా తీసుకున్నారా అని కూడా అడిగారు. కండల కోసం వాటిని వేసుకుంటే వీర్యకణాల తయారీ పడిపోతుందట, కొందరిలో పూర్తిగా ఆగిపోతుందట. ఈ సంగతి జిమ్‌కి వెళ్లే ప్రతి కుర్రాడికీ తెలియాలి. మా ఆయనకు ఎడమవైపు వేరికోసిల్ ఉందని చేత్తో పరీక్షించగానే చెప్పి, స్కాన్‌తో ఖాయం చేశారు. వృషణాల దగ్గర రక్తనాళాలు ఉబ్బి, ఆ చోట వేడి పెరుగుతుంది. పైగా ఆయన ఉద్యోగం కొలిమి పక్కన.

నాకు ఈ సెంటర్ నచ్చింది ఇక్కడే. ఐవీఎఫ్ (అండాన్ని, వీర్యకణాన్ని ల్యాబ్‌లో కలిపే పద్ధతి) ప్యాకేజీ కాగితం వెంటనే ముందు పెట్టలేదు. "మీకు 31, ఏఎంహెచ్ బాగుంది, మనకు టైమ్ ఉంది. అదే 38 అయితే ఆగమని చెప్పేదాన్ని కాదు" అన్నారు డాక్టర్. వీర్యకణం తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది, కాబట్టి వేరికోసిల్‌కి ఆపరేషన్ చేసినా, అలవాట్లు మార్చినా మూడు నెలలకు గానీ తేడా తెలియదన్నారు. ఆపరేషన్ చేయించుకున్నాక అందరికీ కౌంట్ పెరుగుతుందన్న హామీ లేదని కూడా చెప్పారు. అన్నీ విని ఆపరేషన్‌కే ఒప్పుకున్నాం. ఆయన కొలిమి దగ్గర నుంచి డిస్పాచ్ సెక్షన్‌కి మారారు. కౌంట్ పెరిగింది గానీ హద్దు దాటలేదు.

ఆ తర్వాత నాకు అండం విడుదల కావడానికి లెట్రోజోల్ మాత్రలు ఇచ్చి, స్కాన్లలో ఫోలికల్ (అండం పెరిగే చిన్న సంచి) పెరగడం చూసి ఐయూఐ చేశారు. శుభ్రం చేసిన వీర్యకణాలను సన్నటి గొట్టంతో గర్భసంచిలోకి పంపుతారు, ఐదు నిమిషాల పని. ఒక్కో సైకిల్‌కి, అంటే ఒక్కో ప్రయత్నానికి, నూటికి పది పదిహేను మందికే నిలుస్తుందని ముందే చెప్పారు. మాకు నిలవలేదు. అప్పుడే ఇక్సీ మాట ఎత్తారు. ఐవీఎఫ్‌లోనే ఒక్కో అండంలోకి ఒక్కో వీర్యకణాన్ని సూదితో పంపే పద్ధతి ఇది. 1992లో బెల్జియంలో ఈ పద్ధతితో మొదటి బిడ్డ పుట్టింది. కౌంట్ తక్కువున్న మగవాళ్లకు తండ్రయ్యే దారి దీనివల్లే దొరికింది. శాంపిల్‌లో కణాలు అసలే లేనివాళ్లలో కూడా కొందరికి వృషణం నుంచి నేరుగా తీసి ఇక్సీ చేస్తారు.

మేం ఇక్సీకి ఒప్పుకున్నాం. దానికోసం అండాలు పెరగడానికి ఇంట్లో వేసుకునే ఇంజెక్షన్లు నేర్పింది కుప్పం నుంచి వచ్చిన ఒక నర్సమ్మ. నా చేయి వణకడం చూసి, "అక్కా, నువ్వు ఊరికే కూర్చో. అన్నా, మీరు పట్టండి" అని మా ఆయన చేతికిచ్చింది. గాజు ఆంప్యూల్ మెడ విరిచి, అందులోని నీళ్లు సిరంజిలోకి లాగి, పొడి ఉన్న చిన్న సీసాలోకి మెల్లగా వదలాలి. గట్టిగా ఊపకూడదు, వేళ్ల మధ్య తిప్పితే కరుగుతుంది. బొడ్డుకు రెండు వేళ్ల దూరంలో, ఒకరోజు కుడివైపు, ఒకరోజు ఎడమవైపు వేయాలి. ఆయన చేతే రెండుసార్లు ఉత్త నీళ్లతో చేయించాకే ఇంటికి పంపింది. ఆ సైకిల్ అంతా నాకు సూది వేసింది ఆయనే. ఐదేళ్లుగా నా ఒక్కదాని మీదే ఉన్న భారంలో ఆయన కూడా పాలు పంచుకున్నది అప్పుడే అనిపించింది.

పీసీఓఎస్ ఉన్నవాళ్లు తప్పకుండా అడగాల్సిన విషయం ఒకటుంది. మనకు అండాలు ఎక్కువగా పెరిగి, అండాశయాలు ఉబ్బి, కడుపులో నీరు చేరే ప్రమాదం ఉంటుంది. దాన్నే ఓహెచ్ఎస్ఎస్ అంటారు. బరువు ఒక్కసారిగా పెరిగినా, ఆయాసం వచ్చినా, మూత్రం తగ్గినా అర్ధరాత్రైనా ఫోన్ చేయమని నంబర్ ఇచ్చారు. ట్రిగ్గర్ ఇంజెక్షన్ (అండాలు తీసే ముందు అవి పక్వమవడానికి ఇచ్చే చివరి సూది) కూడా ఆ ప్రమాదం తక్కువుండే రకమే వాడారు. ఆ నెలలో ట్రాన్స్‌ఫర్ చేయకుండా ఎంబ్రియోలన్నీ ఫ్రీజ్ చేశారు. నాకు అప్పుడు తొందరగానే ఉండింది, కానీ వాళ్లు నా ఆరోగ్యాన్నే ముందు చూశారు.

ఎగ్ పికప్, అంటే అండాలు బయటికి తీయడం, మత్తులో అయిపోయింది, సాయంత్రానికి ఇంటికొచ్చేశాను. ట్రాన్స్‌ఫర్‌కి మత్తు కూడా లేదు. తర్వాత మంచం దిగకుండా పడుకోవాలా అని మా అత్తమ్మ ఫోన్‌లో అడిగితే డాక్టరే తీసుకుని, "అవసరం లేదమ్మా, పడుకున్నంత మాత్రాన లాభం లేదు, మామూలుగా తిరగనివ్వండి" అని చెప్పారు. రెండు వారాలకు రక్తపరీక్ష నెగెటివ్ వచ్చింది. ఆ ఫోన్ రిసెప్షన్ నుంచి రాలేదు, డాక్టరే చేశారు. మర్నాడు ఇద్దరినీ పిలిచి, ఎంబ్రియో గ్రేడ్ ఏంటి, లైనింగ్ (గర్భసంచి లోపలి పొర) ఎంత ఉంది, తర్వాత ఏం మారుస్తారు అన్నీ చెప్పారు. గర్భసంచి లోపలి పొరను కాస్త గోకడం, ఈఆర్ఏ (ట్రాన్స్‌ఫర్‌కి సరైన సమయం చూసే పరీక్ష) లాంటి అదనపు వాటి గురించి నేనే అడిగాను. అందరికీ చేయడం వల్ల లాభం ఉందని ఇప్పటిదాకా రుజువు కాలేదు, మీకు రాయను అన్నారు. వాటికి బిల్లు వేసుకోవాలనుకుంటే మేం ఆరోజు కాదనే స్థితిలో లేము.

ఇక ఖర్చు. వీర్య పరీక్ష 900, ఏఎంహెచ్ 1,800. ఇక్సీ సైకిల్‌కి మందులతో కలిపి 2 లక్షల 15 వేలు అయింది. ఫ్రీజింగ్, ఫ్రోజెన్ ట్రాన్స్‌ఫర్ విడిగా. ఇందులో ఏదేది కలిసి ఉందో, ఏది లేదో మొదటే తెల్లకాగితం మీద రాయించుకోండి. అడిగితే రాసిస్తారు, కానీ వాళ్లంతట వాళ్లు ఇవ్వరు. మా కంపెనీ ఇన్సూరెన్స్ ఐవీఎఫ్‌కి పైసా ఇవ్వలేదు.

ఒక స్టార్ తగ్గించింది గోప్యత విషయంలో. హాల్లో యాభై మంది కూర్చున్నప్పుడు "ఐయూఐ ఎవరు? రండి" అని గట్టిగా పిలుస్తారు. పేరు, టోకెన్ నంబర్ చాలు కదా. ఎవరికి ఏం చేస్తున్నారో ఊరంతా వినాల్సిన పని లేదు. ఫీడ్‌బ్యాక్ ఫారంలో రాసిచ్చాం, ఇంకా మార్చలేదు. కౌన్సెలర్‌కి కన్నడ, ఇంగ్లిష్ తప్ప రావు. ట్రీట్‌మెంట్ మాటలకు ఎలాగో సరిపెట్టుకోవచ్చు, ఏడుపొచ్చినప్పుడు మాత్రం మన భాషే కావాలి.

ఏ సెంటర్‌కి వెళ్లినా 2021 ఏఆర్‌టీ చట్టం (ఐవీఎఫ్ లాంటి సంతాన చికిత్సలను నియంత్రించే చట్టం) కింద రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి. ఇక్కడ ఆ సర్టిఫికెట్ రిసెప్షన్ గోడ మీదే ఉంది. ఆ చట్టం ప్రకారం ఈ చికిత్సలకు ఆడవారికి 21 నుంచి 50, మగవారికి 21 నుంచి 55 ఏళ్లు ఉండాలి. సంతకం పెట్టినా, ఎంబ్రియోను గర్భసంచిలో పెట్టకముందు ఎప్పుడైనా వద్దని చెప్పే హక్కు కూడా మనకు ఉంది.

మావి ఇంకా మూడు ఎంబ్రియోలు ఫ్రీజ్‌లో ఉన్నాయి, తర్వాతి ట్రాన్స్‌ఫర్ కూడా ఇక్కడే. శనివారం జనం విపరీతం, మంగళ, బుధవారాల్లో పొద్దున ఎనిమిదిన్నరకు వెళ్తే స్కాన్ త్వరగా అయిపోతుంది. మీ ఆయన్ని కూడా వెంట తీసుకెళ్లండి, ఆయన పాత రిపోర్టులు ఏమైనా ఉంటే అవీ పట్టుకెళ్లండి.