ముసలి పిల్లికీ పిల్లికూనకూ మధ్య మెష్ తలుపు: ఆరు వారాల అనుభవం

ఇంట్లో ఒక్కతిగా పెరిగిన మా పిల్లి గౌరికి 11 ఏళ్లు. వానల్లో మేడమెట్ల కింద దొరికిన మూడు నెలల కూన చింటును తెచ్చిన రోజునే, రెండింటినీ ఒక గదిలో వదలవద్దని పశువైద్యురాలు హెచ్చరించారు. అందుకే పడకగది గుమ్మానికి, చెక్క తలుపుకు తోడుగా, పెట్ మెష్ తలుపు వేయించాము. విజయవాడలో మా వీధికి దగ్గరలోని అల్యూమినియం పనుల దుకాణంవారు కొలతలు తీసుకుని నాలుగు రోజుల్లో బిగించారు. గొళ్లెం, కూలి కలిపి రూ. 5,200 అయింది.

దోమల కోసం మామూలుగా వేసే ఫైబర్‌గ్లాస్ మెష్ పిల్లి గోళ్లకు ఎక్కువ రోజులు ఆగదు. పాలిస్టర్ దారానికి పీవీసీ పూత వేసి మందంగా నేసిన రకాన్ని పెట్ మెష్ అంటారు; దుకాణంలో పేరు చెప్పి మరీ అడగాలి. చింటు దానిమీద సగం ఎత్తు వరకు ఎగబాకినా ఇంతవరకు ఒక్క పోగు తెగలేదు.

వీధికూనలకు ప్యాన్‌ల్యుకోపీనియా వంటి ప్రాణాంతక వైరస్‌లు సోకి ఉండవచ్చు కనుక, పరీక్షలు, మొదటి టీకా పూర్తయ్యేవరకు రెండు వారాలు చెక్క తలుపే మూసి ఉంచాము. తరువాత, పిల్లులు ముందుగా వాసనతోనే పరిచయం చేసుకుంటాయి కాబట్టి, ఒకదాని పక్కబట్టను మరొకదాని దగ్గర వేశాము. ఆ తరువాతే మెష్ తలుపుకు అసలు పని మొదలైంది. ఇరువైపులా ఆరేసి అడుగుల దూరంలో అన్నం గిన్నెలు పెట్టి, రెండూ నెమ్మదిగా తిన్న రోజున మాత్రమే వాటిని ఒక అడుగు దగ్గరకు జరిపాము. గౌరి బుసకొట్టి పక్కకు వెళ్లిపోతే అలాగే కొనసాగించాము. చెవులు వెనక్కి వాల్చి, రెప్పవేయకుండా చూస్తూ తిండి మానేస్తే, మర్నాడు గిన్నెలను వెనక్కి తీసుకున్నాము. చూపు, వాసన అందుతూనే పంజా అందకుండా ఉండటం వల్ల గౌరికి ఎప్పుడూ పారిపోవలసిన అవసరం రాలేదు, నాకు ఈ తలుపులో అన్నిటికంటే నచ్చినది అదే.

లోపం ఒకటి కనిపించింది. అడుగున అర అంగుళం సందు వదిలారు. చింటు అందులోంచి కాలు చాపితే గౌరి కొట్టింది, ఆ ఒక్క దెబ్బకు మేము మూడు రోజులు వెనక్కి వెళ్లవలసి వచ్చింది. దుకాణంవారికి చెప్పగా మర్నాడే వచ్చి, డబ్బు తీసుకోకుండా బ్రష్ పట్టీ వేసి వెళ్లారు. వేయించుకునేవారు ఈ పట్టీని ముందే అడగడం మంచిది.

తలుపు తెరిచిన తరువాతి పని వేరు. కలిపే ముందు చింటును ఈకల కర్రతో అలసిపోయేదాకా ఆడిస్తాము, ఎందుకంటే ముసలి పిల్లిని విసిగించేది కూన కోపం కాదు, దాని ఉత్సాహమే. మలమూత్రాల కోసం లిట్టర్ తొట్టెలు మూడు పెట్టాము. గౌరి మోకాళ్లలో నొప్పి ఉందని తేలడంతో దాని తొట్టె అంచు తక్కువగా ఉన్నది తెచ్చి, అలమరా మీదికి ఎక్కడానికి రెండు పీటలు వేశాము.

ఇప్పుడు రెండూ మధ్యాహ్నం ఒకే చాప మీద, చెరో కొసన పడుకుంటున్నాయి. రాత్రుళ్లు మాత్రం మెష్ తలుపు ఇంకా వేస్తూనే ఉన్నాము.