ఆముదం ఫోమా, చెట్టు బెరడు ఫోమా: నిప్పు ముందు ఏది మేలు?

మొక్కల నుంచి తీసిన సరుకు అనగానే చాలామంది నిశ్చింతగా ఉంటారు. ఎండుగడ్డి కూడా మొక్కే కదా, నిప్పురవ్వ పడితే ఏమవుతుందో మనకు తెలుసు. అందుకే ఇంటి కప్పు కింద వేడి ఆపడానికి ఫోమ్ వేయించేటప్పుడు, అది దేంతో చేశారన్న దానికన్నా మంట తగిలితే ఏమవుతుందన్నదే ముందు అడగాలి.

పాలమూరు, నల్గొండ చేలల్లో పండే ఆముదాల నూనెలో 85 నుంచి 90 శాతం రిసినోలిక్ ఆమ్లమే. ఐసోసయనేట్ అనే రసాయనంతో కలిసి పాలియురేథేన్ అనే ప్లాస్టిక్ ఫోమ్‌గా మారే గుణం దానికి పుట్టుకతోనే ఉంది. గట్టి ఫోమ్ కావాలంటే నూనెను కాస్త మార్చుకుంటారు. ఐసోసయనేట్ మాత్రం పెట్రోలియం సరుకే. ఈ ఫోమ్ కాలితే అందులోని నైట్రోజన్‌లో కొంత హైడ్రోజన్ సయనైడ్ విషవాయువై బయటికొస్తుంది. ఇళ్లు తగలబడినప్పుడు ప్రాణాలు ఎక్కువగా పోయేది మంటకన్నా పొగ వల్లే. నా భయమంతా అదే.

దీనికి విరుగుడుగా మంట ఆపే మందు కలుపుతారు. క్లోరిన్ ఉన్న ద్రవాలు ఫోమ్‌తో అతుక్కుని ఉండవు, ఏళ్ల తరబడి మెల్లగా బయటికొచ్చి ఇంటి దుమ్ములో చేరతాయి. వాటికన్నా వేడికి పొంగేలా తయారుచేసిన గ్రాఫైట్ నయం: వేడి తగలగానే దాని పొరలు విచ్చుకుని, సన్నటి నల్ల పురుగుల్లా పొంగి ఫోమ్‌ను కప్పేస్తాయి. తవుడులో ఉండే ఫైటిక్ ఆమ్లాన్ని కూడా పరిశోధకులు ఇదే పనికి వాడి చూస్తున్నారు. అందులోని ఫాస్ఫరస్ బొగ్గు పొర కట్టిస్తుంది.

చెట్టు బెరడులో ఉండే టానిన్ అనే వగరు పదార్థంతో చేసే ఫోమ్ దారి వేరు. తంగేడు చెక్కతో, తుమ్మ చెక్కతో తోళ్లు పదును చేయడం మన ఊళ్లలో పాత పనే. తుమ్మకు చుట్టమైన మిమోసా చెట్టు బెరడులోని అదే టానిన్‌ను, చెరకు పిప్పి నుంచి వచ్చే ఫర్ఫ్యూరిల్ ఆల్కహాల్‌తో కలిపి ఈ ఫోమ్ పొంగిస్తారు. 1994లో మైకల్‌హామ్, పిజ్జి అనే పరిశోధకులు దీని మీద పరిశోధనా పత్రం ప్రచురించారు.

థర్మోకోల్ ముక్కకు మంట చూపిస్తే ముడుచుకుపోయి బొట్లుబొట్లుగా కారుతుంది. టానిన్ ఫోమ్ కారదు. మంట తగిలిన చోట ఎర్రగా కణకణలాడుతుంది, మంట తీసేస్తే కాసేపటికి ఆరిపోతుంది, అక్కడ నల్లటి బొగ్గు మిగులుతుంది. వేరే మందేమీ కలపకుండానే ఇంత పని చేస్తుంది.

లోపాలూ ఉన్నాయి. వేళ్లతో నలిపితే పొడి రాలుతుంది, నీళ్లు పీల్చుకుంటుంది, బజార్లో దొరకడం కష్టం. పాలియురేథేన్ 50 మిల్లీమీటర్లతో ఆపే వేడికి ఇది దాదాపు 80 మిల్లీమీటర్లు కావాలి.

మనుషులు పడుకునే గది కప్పుకైతే, వాన నీరు కారని చోట, నేను టానిన్‌కే ఓటేస్తాను. తేమ ఎక్కువగా, చోటు తక్కువగా ఉండే కోల్డ్ స్టోరేజీకి గ్రాఫైట్ కలిపిన ఆముదం ఫోమ్ మేలు, అదీ రెండు వైపులా రేకు తొడిగి. ఏది కొన్నా ఫైర్ టెస్ట్ రిపోర్ట్ అడగండి. అందులో రాసిన మందం, సాంద్రత మీకు ఇస్తున్న షీటువేనా అని సరిచూసుకున్నాకే డబ్బు కట్టండి.