పాత ఫ్రేముకు కొత్త కోత: ఒక చందా సేవతో మూడు నెలలు

పాత సినిమాలను శుభ్రమైన ప్రతులతో చూపిస్తామని చెప్పుకునే ఒక ఆన్‌లైన్ సేవకు మూడు నెలల చందా కట్టాను. పేరు చెప్పడం లేదు. ఇక్కడ రాయబోయే లోపం ఆ ఒక్క సేవకే పరిమితం కాదు. బొమ్మ మీద గీతలు, మచ్చలు దాదాపు లేవు, మాటలు స్పష్టంగా వినిపిస్తాయి, నెట్ నెమ్మదించినా ప్రసారం ఆగలేదు. తెలుగు లిపిలో సినిమా పేరు టైపు చేసి వెతికితే మాత్రం ఏమీ దొరకదు. ఇంతవరకే అయితే ఐదుకు నాలుగు నక్షత్రాలు ఇచ్చేవాణ్ణి.

కేన్ అనే పత్రికాధిపతి జీవితకథగా ఆర్సన్ వెల్స్ తీసిన ‘సిటిజన్ కేన్’ (1941) పెట్టిన అరగంటలోపే నా లెక్క మారిపోయింది. ఆ చిత్రాన్ని వెడల్పు, ఎత్తు 1.37కు 1 నిష్పత్తిలో, నేటి టీవీ తెర కంటే బాగా చతురస్రానికి దగ్గరగా ఉండే ఫ్రేములో తీశారు. అలాంటి బొమ్మను వెడల్పు తెర మీద చూపేటప్పుడు రెండు పక్కలా నల్ల పట్టీలు వదలడమే సరైన పద్ధతి. ఈ సేవవారు పట్టీలు కనబడకూడదని బొమ్మను పెద్దది చేసి, పైనా కిందా కోసేశారు. ఎత్తులో దాదాపు 23 శాతం పోయింది. మా టీవీలోని జూమ్ వల్లనేమోనని ల్యాప్‌టాప్‌లోనూ చూశాను. అక్కడా అదే కోత.

పావు వంతుకు కాస్త తక్కువే కదా అనుకోవచ్చు. అయితే ఈ సినిమాలో ఎవరికి ఎవరు ఏమవుతారో, ఎవరి మాట చెల్లుతుందో మాటల కంటే ముందు ఫ్రేమే చెబుతుంది. బాలుడైన కేన్‌ను బ్యాంకు పెద్దమనిషి థాచర్‌కు అప్పగించే దృశ్యమే తీసుకుందాం. తల్లి, థాచర్ బల్ల దగ్గర కూర్చుని కాగితాల మీద సంతకాలు కానిస్తుంటారు. వాళ్లు మనకు అతి దగ్గరగా ఉంటారు. తండ్రి కాస్త వెనక, ఎడమవైపు నిలబడి అభ్యంతరం చెబుతుంటాడు గాని, ఆ బల్ల దగ్గర అతనికి చోటే లేదు. అందరికంటే దూరంగా, నడుమ కిటికీలోంచి, మంచులో ఆడుకుంటున్న పిల్లవాడు బొటనవేలంత కనిపిస్తాడు. ఛాయాగ్రాహకుడు గ్రెగ్ టోలండ్ దగ్గరివాళ్లనూ దూరపువాణ్ణీ ఒకే స్పష్టతతో నిలపడం వల్ల, ఎవరి బతుకు గురించి బేరం జరుగుతోందో ఆ పిల్లవాడు ఒక్క క్షణం కూడా మన కంటి నుంచి తప్పిపోడు. తండ్రి కిటికీ మూస్తాడు, తల్లి వెళ్లి తెరుస్తుంది. ఆ ఇంట్లో ఎవరిది పైచేయో, బిడ్డ కోసం ఎవరి గుండె కొట్టుకుంటోందో తేల్చడానికి అంతకంటే వివరణ అక్కర్లేదు. కోసిన ప్రతిలో మనుషులు మిగిలారు గాని, గది ఇరుకుదనం పోయింది.

అసలు నష్టం పైకప్పులది. ఈ చిత్రంలో గుడ్డతో పైకప్పులు కట్టి, వాటి పైన మైకులు దాచి మరీ తీశారు. ఎన్నికల్లో ఓడిన రాత్రి కేన్‌కూ స్నేహితుడు లీలండ్‌కూ జరిగే సంభాషణ కోసం నేలను తవ్వి కెమెరాను కిందికి దించారు. కేన్ కొండలా కనిపిస్తాడు, అయినా కప్పు నెత్తిమీదికి దిగివస్తున్నట్టు ఉంటుంది. స్నేహంలోని పెత్తనమూ, ఓటమిలోని ఉక్కిరిబిక్కిరీ ఒకే బొమ్మలో ఇమిడిపోతాయి. పైభాగం కోస్తే మిగిలేది పెత్తనం ఒక్కటే. మాంద్యం రోజుల్లో ఆస్తులపై అధికారం వదులుకునే దృశ్యంలో కేన్ వెనక్కి నడుస్తాడు. మామూలువి అనుకున్న కిటికీలు అతని కంటే ఎంత ఎత్తో అప్పుడు తెలుస్తుంది, మనిషి కుర్రవాడంత అయిపోతాడు. నేను చూసిన ప్రతిలో ఆ కిటికీలకు పై అంచే లేదు.

న్యాయంగా చెప్పాలంటే, అడ్డంగా పరచిన సంబంధాలకు ఈ కోత పెద్దగా తగల్లేదు. కేన్ మొదటి కాపురాన్ని ఉదయపు భోజనాల బల్ల దగ్గర కొద్ది నిమిషాల్లో చెప్పేసే వరుస చెక్కుచెదరలేదు. చివర కెమెరా వెనక్కి జరిగితే, పొడవాటి బల్లకు చెరో కొసన భార్యాభర్తలు. ఆమె చేతిలో ఉన్నది భర్త నడిపే పత్రికకు పోటీ పత్రిక. కేన్ రెండో భార్య సూసన్ మోతాదు మించి నిద్రమందు తీసుకున్న షాట్ కూడా పరవాలేదు. ముందు పెద్దగా ఆ నిద్రమందు గ్లాసు, నడుమ చీకట్లో ఆమె, ఎక్కడో చివర తలుపు తోసుకొచ్చే కేన్. ఇది కటకం గొప్పతనమని చాలామంది రాశారు గాని, నిజానికి ఒకే ఫిల్మును రెండుసార్లు తిప్పి తీసిన కిటుకు. కిటుకైనా సరే, గ్లాసుకూ తలుపుకూ మధ్య దూరమే ఆ దాంపత్యం.

విచిత్రమేమిటంటే, ఇదే సేవలో మన ‘మాయాబజార్’ (1957) నలుపు తెలుపు ప్రతి కోత లేకుండా, పట్టీలతో సహా ఉంది. ప్రియదర్శిని పెట్టెలో శశిరేఖకు అభిమన్యుడు, బలరాముడికి దుర్యోధనుడు, కృష్ణుడికి శకుని కనిపించే ఘట్టం గుర్తుందా? ఫ్రేములో ఫ్రేము పెట్టి, ఎవరి మనసు ఎక్కడుందో చూపించే ఉపాయం మార్కస్ బార్ట్‌లీ కెమెరా ముందు హాస్యంగా సాగిపోతుంది. ఒక సినిమాకు ఇచ్చిన మర్యాద మరొకదానికి ఎందుకు లేదో అడుగుతూ సేవవారికి రాశాను. నల్ల పట్టీలు వస్తున్నాయని ఫిర్యాదులు రావడం వల్ల ‘పూర్తి తెర’ ప్రతి పెట్టామని జవాబు వచ్చింది. ‘అసలు ఫ్రేము’ అనే మీట ఒకటి పెట్టి, ఇష్టమైనవారిని ఎంచుకోనివ్వచ్చు కదా అని మళ్లీ రాశాను. ఇంకా సమాధానం లేదు.

నా మార్కు ఐదుకు రెండు నక్షత్రాలు. చందా కట్టేముందు ఉచిత గడువులో ఏదైనా పాత చిత్రం పెట్టి, నిలబడ్డ మనుషుల తలల పైన ఎంత ఖాళీ ఉందో చూడండి. నుదుళ్లు తెర అంచుకు తగులుతుంటే ఆ ప్రతిని కోశారని అనుమానించవచ్చు. నేను నా పాత డిస్కు బయటికి తీశాను.